పరేహా ముఖమే పాఠము

ఇతరులు వ్రాసిన బొమ్మను చూచి బొమ్మ వ్రాయుట చేతగానివాని పనియనియు, ప్రకృతిని స్వయముగా చూచి వ్రాసినదే కళ యనియు మన విద్యావంతులలో సైతము ఒక అభిప్రాయము గట్టిగా పాతుకొనియున్నది. క్యాలెండరు బొమ్మలపై గళ్ళు గీసి, వానిని పెద్దవి చేసి, దుకాణముల బోర్డులమీదికి దించువారిని చూచి చూచి ఈ చులకనభావము మనకు కలిగియుండవచ్చును. కాని ఐరోపా తైలవర్ణచిత్ర చరిత్రను కొంత శ్రద్ధతో పరిశీలించినవారికి కనబడునది వేరు. స్వతంత్రప్రతిభకు ఉదాహరణములుగా మనము నేడు పేర్కొను చిత్రకారులలో అనేకులు, తమ యౌవనమునందే కాదు, కీర్తి నలుదెసల వ్యాపించిన పిమ్మటను, పూర్వుల చిత్రముల యెదుట పీట వేసికొని కూర్చుండి వానికి ప్రతులు వ్రాసినవారే. సంగీతము నేర్చుకొను బాలుడు గురుముఖమున వర్ణములను, కృతులను ఉన్నవి ఉన్నట్లుగా పాడి పాడి గాత్రమును కుదుర్చుకొనుటను మనమెవ్వరమును చౌర్యమని యనము. చిత్రకళలో మాత్రము ఆ న్యాయమును ఎందులకో పాటింపము. తైలవర్ణములతో మనుష్యుని రూపచిత్రము వ్రాయ నేర్వగోరువారికి, యథార్థరీతిలో రచింపబడిన ఒక మహాచిత్రమునకు ఓపికతో ప్రతి వ్రాయుటను మించిన ప్రథమపాఠము లేదని నా దృఢవిశ్వాసము. ఏల లేదో, ఆ పాఠము చేతిలో ఏ విధముగా నడచునో, ఒక్క చిత్రమునే ఆధారముగా గైకొని ఇచట వివరింప బూనితిని.

1628వ సంవత్సరమున ఫ్లాండర్సు దేశపు మహాచిత్రకారుడు రూబెన్స్ రాయబారపు కార్యముపై స్పెయిన్ రాజధానియగు మాడ్రిడ్ నగరమునకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. ఐరోపాలోని రాజాస్థానములు ఆయన చిత్రములకై పోటీపడుచున్న కాలమది. అట్టివాడు నాలుగవ ఫిలిప్ రాజు సౌధములలోని చిత్రసంపదను చూచినంతనే, తాను పుట్టుటకు ఒక సంవత్సరము పూర్వమే గతించిన వెనిస్ చిత్రకారుడు టిషియన్ రచనల యెదుట నిలిచి, ఒకదాని తరువాత నొకదానికి ప్రతులు వ్రాయ మొదలిడెను. ఆదాము హవ్వల చిత్రమునకు ఆయన వ్రాసిన ప్రతియు, టిషియన్ మూలచిత్రమును నేడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియముననే కలవు. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, రూబెన్స్ ఆదాము భంగిమను మార్చుటయు, చెట్టుపై మూలములో లేని చిలుక నొకదానిని చేర్చుటయు స్పష్టముగా కానవచ్చును. ప్రతి వ్రాయుచున్నను ఆయన బుద్ధి నిద్రించలేదు. టిషియన్ చేసిన ప్రతి నిర్ణయమును ప్రశ్నించుచు, ఒప్పుకొనుచు, కొన్నియెడల ఒప్పుకొనకయు ఆయన కుంచె నడచినది. ఆ దినములలో ఆయనకు సన్నిహితముగా మెలగిన స్పెయిన్ చిత్రకారుడు ఆస్థానమునందలి 29 ఏండ్ల యువకుడు, దియేగో వెలాస్కెజ్. ఆ మరుసటి సంవత్సరమే వెలాస్కెజ్ ఇటలీ యాత్రకు బయలుదేరెను.

రెండు దశాబ్దముల తరువాత, 1649లో, రాజుగారి కొరకు శిల్పములను, చిత్రములను సేకరించు నిమిత్తము వెలాస్కెజ్ రెండవ పర్యాయము ఇటలీకి పోయినప్పుడు ఆయన వెంట హువాన్ దె పరేహా అను సేవకుడు కూడ నుండెను. సేవకుడనుట సత్యమునకు కొంత తక్కువ. పరేహా ఆయనకు బానిస. దక్షిణ స్పెయిన్‌లోని అంతెకేరా పట్టణమున జన్మించిన ఈ శ్యామవర్ణుడు యజమాని చిత్రశాలలో రంగులు నూరుట, పటములు సిద్ధపరచుట వంటి పనులు చేయుచుండెను. రోములో ఉన్నప్పుడు వెలాస్కెజ్ ఆయన రూపచిత్రమును వ్రాసెను. పదవ ఇన్నొసెంట్ పోపుగారిని చిత్రించుటకు పూర్వము చేయి సాధకము చేసికొనుటకై దీనిని వ్రాసెనని తరువాతి తరమునకు చెందిన జీవితచరిత్రకారుడు పాలోమినో చెప్పియున్నాడు. 1650 మార్చి 19వ తేదీన రోములోని పాంథియోన్ మందిరమున ఆ చిత్రమును ప్రదర్శించిరి. అదే సంవత్సరము నవంబరులో వెలాస్కెజ్ విమోచనపత్రముపై సంతకము చేసెను. దానిలోని నిబంధన ననుసరించి మరి నాలుగేండ్లు గడచిన పిమ్మట పరేహా స్వతంత్రుడయ్యెను. అటుతరువాత ఆయన తన పేరుతోనే చిత్రములు వ్రాసెను. 1661లో ఆయన రచించిన, క్రీస్తు మత్తయిని శిష్యునిగా పిలుచు ఘట్టపు పెద్దచిత్రము ప్రాడో మ్యూజియములో నున్నది. దాని ఎడమ అంచున చేత కాగితము పట్టుకొని నిలుచున్న మనుష్యుడు పరేహాయే, ఆ కాగితముపై నున్నది ఆయన సంతకమే. ఆయనకు కుంచె పట్టుట ఎవ్వరును బహిరంగముగా నేర్పలేదనియు, యజమాని చేతిని చూచి రహస్యముగా అభ్యసించెననియు పాలోమినో కథ. ఆ కథలో కల్పన ఎంతయున్నను, ఒక చిత్రకారుని చేయి కదలికను సంవత్సరముల తరబడి దగ్గర నిలిచి చూచినవాడు చిత్రకారుడైనాడన్న మాట మాత్రము నిర్వివాదము.

రోములో వ్రాసిన ఆ రూపచిత్రము నేడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున కలదు. 1970లో లండనులో వేలమునకు వచ్చినప్పుడు దాని వెల 20 లక్షల పౌండ్లను దాటినది. అంతకు ముందు వేలములో పది లక్షల పౌండ్లను దాటిన చిత్రమే లేదు. చిత్రము పెద్దదేమియు కాదు. సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 70 సెంటీమీటర్ల వెడల్పు. నడుము వరకు ఒక్క మనుష్యుడు. భుజములపై ముదురురంగు పైవస్త్రము, మెడచుట్టు వెడల్పైన తెల్లని లేసు కాలరు, వెనుక ఏ వస్తువును లేని బూడిద పచ్చని ఖాళీ. తల నిటారుగా నిలిపి చూపును సూటిగా మనపై నిల్పిన ఆ ముఖములో బానిసకు లోకము విధించు వినయము అణుమాత్రమును కానరాదు.

ప్రారంభకునకు నేను ఈ చిత్రమునే ఏల సూచించుచున్నాననగా, ఇందులో ఆతని దృష్టిని చెదరగొట్టునది ఏదియు లేదు. వెలుగు ఒక్క దిక్కునుండి వచ్చుచున్నది, రంగులు మిక్కిలి తక్కువ, అలంకారము కాలరు ఒక్కటే. అంతకంటె ముఖ్యమైన కారణము మరియొకటి గలదు. తైలవర్ణచిత్ర శిక్షణకై పాశ్చాత్యులు వ్రాసిన పుస్తకములలో చర్మపురంగు కలుపు విధానము దాదాపు ఎల్లెడల గులాబిరంగు ముఖములకు సంబంధించినదే. తెలుపులో కొద్దిగా ఎరుపు, కొద్దిగా పసుపు వేయుమని అవి బోధించును. ఆ సూత్రమును నమ్మి మన పొలములలో ఎండకు కాగిన రైతు ముఖమును గాని, మన అమ్మమ్మ ముఖమును గాని వ్రాయబూనినవాడు పాలిపోయిన బొమ్మను మాత్రమే సంపాదించును. గోధుమవన్నె మొదలు కారునలుపు వరకు గల మన దేహచ్ఛాయలను నేర్వగోరువానికి పరేహా ముఖము పూర్వచిత్రకారులు మనకొరకు విడిచిపోయిన అపురూపమైన పాఠము.

చిత్రమును చూచుట వేరు, చిత్రమును తిరిగి వ్రాయుట వేరు. చూచువానికి పూర్తియైన ఫలితము ఒక్కసారిగా దర్శనమిచ్చును. వ్రాయువాడు మాత్రము ఏది ముందు, ఏది వెనుక, ఏది పలుచన, ఏది చిక్కన, ఏది చెప్పవలెను, ఏది విడువవలెను అను ప్రశ్నలను వరుసగా ఎదుర్కొని, మూలకర్త వానికిచ్చిన సమాధానములను ఆ పటములోనే వెదకికొనవలసియుండును. జీవించియున్న మనుష్యుని ఎదుట కూర్చుండబెట్టుకొనిన ప్రారంభకునకు రెండు కష్టములు ఏకకాలమున మీదపడును: ఎత్తుపల్లములు గల ముఖమును చదునైన గుడ్డమీదికి తెచ్చు కష్టమొకటి, మాట వినని రంగులను లోబరచుకొను కష్టమింకొకటి. ప్రతి వ్రాయువానికి మొదటి కష్టమును మూలకర్త తీర్చిపెట్టినాడు. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రము ఏ నిమ్నోన్నత విభాగమును ఎరిగినవానిని చిత్రవేత్తయని చెప్పినదో, ఆ విభాగము ఈ పటముపై ఇదివరకే జరిగియున్నది. పైగా ఈ ముఖము కదలదు, అలసిపోదు, ఈ వెలుగు సాయంకాలమునకు మారదు. తప్పు జరిగినచో తప్పు ఎచ్చట నున్నదో చూపుటకు మూలచిత్రము ఎదుటనే నిలిచియుండును. ఇంత ఓర్పుగల గురువు మనుష్యులలో దొరకుట దుర్లభము.

ఇక పని యెట్లు నడచునో చూతము. ప్రథమయత్నమున పటమునంతటిని ప్రతి వ్రాయబూనక, తలను, కాలరును మాత్రము మూలచిత్రపు కొలతలోనే వ్రాయుట మేలు. తెల్లని క్యాన్వాసు కన్నును మోసగించును. దానిపై ఏ రంగు వేసినను ఉన్నదానికంటె ముదురుగా కనబడి, భయపడిన విద్యార్థి నీడల నన్నింటిని లేతగా వ్రాసి ముఖమును నిస్సారము చేసికొనును. అందుచేత ముందుగా బూడిద, గోధుమ వన్నెలు కలిసిన పలుచని పూతను క్యాన్వాసంతటను పట్టించి ఆరనీయవలెను. పిదప బొగ్గుతోనో, పలుచని గోధుమరంగుతోనో తల శిఖరము, గడ్డము అడుగు, భుజరేఖ మాత్రము గుర్తించి, దారమునకు చిన్న గుండు కట్టి మూలము ముందర వ్రేలాడదీసి, కంటి లోపలి కొన క్రింద నాసికాపుటము ఎచ్చటికి వచ్చుచున్నదో, పెదవి కొన దేనికి సూటిగా నున్నదో సరిచూచుకొనవలెను. పోలిక కన్నులలో ఉన్నదని సామాన్యముగా అందరు నమ్ముదురు. కాని పోలిక అంగముల నడుమనున్న దూరములలో ఉన్నది. కన్ను ఎంత చక్కగా వ్రాసినను, అది ముక్కునకు రెండు మిల్లీమీటర్లు దూరమైనచో అది మరియొకరి ముఖమగును.

అటుపిమ్మట కనులు సగము మూసి చూడవలెను. ఇది చిత్రశాలలలో తరతరములుగా చెప్పుచువచ్చిన ఉపాయము. రెప్పలు వాల్చినప్పుడు వివరములు మాయమై వెలుగునీడల పెద్దపెద్ద ఖండములు మాత్రము మిగులును. పరేహా చిత్రమున అట్లు చూచినచో కనుగుంటలు, ముక్కు క్రింది నీడ, మీసము, గడ్డము, జుట్టు వేరువేరు వస్తువులుగా కాక ఒకదానితో నొకటి కలిసిపోయిన ముదురు ఖండములుగా కనబడును. మొదట వ్రాయవలసినవి ఆ ఖండములే. ప్రారంభకులు కనుపాపలోని మెరుపుచుక్కను మొదటి దినముననే పెట్టుటకు తొందరపడుదురు; ఆ చుక్క నిలుచుటకు చుట్టును గుంటయే ఇంకను ఏర్పడలేదు గదా! నీడలు, వెలుగులు, ఆ రెంటినడుమ సంధిచ్ఛాయలు, తరువాతనే అవయవములు; ఈ క్రమము చెదరినచో ఎంతటి శ్రమయు వ్యర్థము.

రంగుల విషయమున వెలాస్కెజ్ గొప్ప పొదుపరి. ఆయన పటములను పరీక్షించినవారు సీసపుతెలుపు, మట్టిపసుపులు, మట్టియెరుపులు, ఇంగిలీకము, ఎముకబొగ్గు నలుపు మొదలగు కొద్ది వర్ణద్రవ్యములే ఆయన వర్ణఫలకమునకు ఆధారమని కనుగొనిరి. నేటి విద్యార్థి విషపూరితమైన సీసపుతెలుపునకు బదులు టైటానియం వైటును, ఇంగిలీకమునకు బదులు క్యాడ్మియం రెడ్డును గైకొని, వానికి ఎల్లో ఓకర్, బర్న్ట్ అంబర్, ఐవరీ బ్లాక్ చేర్చుకొనినచో ఈ తల యంతయు వ్రాయవచ్చును. నీలము లేదు, ఆకుపచ్చ లేదు. అయినను వెనుకనున్న ఖాళీలో పచ్చదనము ఎట్లు వచ్చినదని అడుగవచ్చును. నలుపులో ఎల్లో ఓకర్ కలిపి చూడుడు; అది నలుపుగాక ముదురు పచ్చగా మారును. అదే నలుపులో తెలుపు కలిపి గోధుమరంగు ప్రక్కన పెట్టుడు. ఆ బూడిదరంగు నీలముగా తోచును. రంగు తనంతట తాను ఏదియు కాదనియు, ప్రక్కనున్నదానిని బట్టియే దాని స్వభావము నిర్ణయమగుననియు చేతితో తెలిసికొనిన ఆ దినము విద్యార్థి జీవితమున గొప్ప దినము. డజన్ల కొలది గొట్టములు కొని పెట్టెనిండ నింపుకొనువానికి ఈ జ్ఞానము మిక్కిలి ఆలస్యముగా లభించును.

నుదుటిని ఒక్క అంగుళము మేర దగ్గరగా పరిశీలింతము. శ్యామవర్ణపు చర్మము వెలుగును గ్రహించు తీరు వేరు. తెల్లని చర్మముపై వెలుగు విస్తారముగా పరచుకొనును. ముదురు చర్మము మాత్రము వచ్చిన వెలుగులో అధికభాగమును లోనికి పీల్చుకొని, ఉపరితలమున నూనెజిడ్డు మెరయుచోట మాత్రము దానిని తిప్పికొట్టును. ఆ మెరుపు చుట్టునున్న రంగుకంటె ఎంతో తెల్లనిది, చల్లనిది. విద్యార్థి దానిని చూచి, చర్మపురంగులో తెలుపును అధికముగా కలిపి నుదురంతయు పులుముటతో ముఖము సున్నపురంగునకు దిగజారును. వెలాస్కెజ్ చేసినది అది కాదు. ఆయన నుదుటి విశాలభాగమును వెచ్చని గోధుమవన్నెలో ఉంచి, కణతవైపు తిరుగుచోట దానిని కొంచెము ఎర్రబరచి, జుట్టును సమీపించినచోట పలుచని ముదురురంగులోనికి జారవిడిచి, మెరుపునకు మాత్రము చిక్కని లేతరంగును కుంచెనిండ తీసికొని అద్ది విడిచిపెట్టెను. జుట్టు ఎక్కడ ముగిసి వెనుకనున్న ఖాళీ ఎక్కడ మొదలైనదో చెప్పుట కష్టము. ఆ అంచు మెత్తగా కరగియుండుటచేతనే తల గుండ్రముగా గాలిలో నిలిచినట్లున్నది. అంచుల నన్నింటిని కత్తితో కోసినట్లు వ్రాసినవాని చిత్రములో తల గోడకు అంటించిన కాగితమగును. నీడలు పలుచన, వెలుగులు చిక్కన. నీడలలో గుడ్డ అడుగుపూత కనబడుచుండవలెను, వెలుగులలో రంగు చేతికి తగులునంత ఎత్తుగా నుండవలెను.

కాలరు సంగతి చెప్పక ముందుకు సాగలేను. నరసాపురపు లేసు అల్లికలను ఎరిగిన మనవారికి ఆ కాలరును చూచినంతనే కన్నులు దారములను, కన్నములను లెక్కింప మొదలిడును. చిత్రమునకు దగ్గరగా పోయినచో అచ్చట దారము లేదు, కన్నమును లేదు; తెలుపు, బూడిద రంగుల తడిపొడి మచ్చలు, మధ్యమధ్య చిక్కని తెల్లని చుక్కలు మాత్రమే. పది అడుగులు వెనుకకు నడచినచో ఆ మచ్చలే లేసుగా కుదురుకొనును. ఇందుకే వెలాస్కెజ్ పొడవైన పిడిగల కుంచెలను వాడి దూరమునుండి వ్రాసెడివాడని పాలోమినో వ్రాసియున్నాడు. ప్రతి వ్రాయువాడు కూడ మూలమును, తన క్యాన్వాసును ప్రక్కప్రక్కన నిలిపి, నిర్ణయమును దూరమున నిలిచి చేసి, దగ్గరకు వచ్చి ఒక్క పూత పూసి, మరల వెనుకకు పోయి చూచుచుండవలెను. కాలరులో ఒక్కొక్క కన్నమును వ్రాయువాడు లేసును వ్రాయగలడేమో కాని, ఆ లేసుమీద పడిన వెలుగును వ్రాయలేడు.

తైలము గురించి కొన్ని మాటలు. అవిసెగింజల నూనెలో నూరిన రంగు నీటిరంగువలె తడి ఆవిరియై ఆరునది కాదు. నూనె గాలిలోని ప్రాణవాయువుతో సంయోగము చెంది క్రమముగా గట్టిపడును. కావున పైకి ఆరినట్లు తోచినను లోపల నెలల తరబడి మార్పు జరుగుచునే యుండును. అడుగుపొరలలో టర్పెంటైను ఎక్కువగా, నూనె తక్కువగా వాడి, పైపొరలకు పోవుకొలది నూనెను పెంచవలెనను పాతనియమమునకు కారణమిదియే. త్వరగా గట్టిపడిన పైపొర క్రింద ఇంకను కదలుచున్న అడుగుపొర యున్నచో చిత్రము బీటలు వారును. బర్న్ట్ అంబర్ త్వరగా ఆరును, ఐవరీ బ్లాక్ ఆలస్యముగా ఆరును; అందుచేత అడుగుపొరలలో శుద్ధమైన నలుపును చిక్కగా పూయరాదు. వానకాలమున పని మందగించును, వేసవిలో వేగిరపడును. ఒక హెచ్చరిక ఇంటింట తెలియవలసినది: అవిసెనూనె తుడిచిన గుడ్డపీలికలను ముద్దచేసి మూలకు పారవేసినచో, ప్రాణవాయువుతో కలియునప్పుడు పుట్టు వేడి లోపలనే చిక్కుకొని, వేరు నిప్పు తగులకయే అవి మండిపోగలవు. వానిని విడివిడిగా పరచి ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచి మూతగల డబ్బాలో ఉంచవలెను. గది కిటికీలు తెరచియుండవలెను.

మనకు న్యూయార్కు దూరము. కాని ఆ మ్యూజియమువారు 2017 నుండి తమయొద్దనున్న, హక్కులకాలము చెల్లిన చిత్రముల పెద్దచ్ఛాయలను ఎవరైనను ఉచితముగా గైకొని వాడుకొనవచ్చునని ప్రకటించినందున, పూర్వము మనవారికి కలలోనైనను లభింపని సదుపాయము నేడు మారుమూల పల్లెలోని విద్యార్థికి సైతము లభించినది. ఐనను ఛాయాచిత్రమునకు లోపములు గలవు. అచ్చులో నీడలు మూసికొనిపోవును. తెరపై ముదురురంగు సైతము వెలుగు చిమ్ముచుండును. రంగు మందము రెంటను కనబడదు. అందుచేత ప్రతి వ్రాయుటకు పూర్వమును, నడుమనడుమను నిజమైన తైలవర్ణపటముల యెదుట నిలిచి, వెలుగు ప్రక్కగా పడునట్లు ఒదిగి, రంగు ఎచ్చట ఎత్తుగానున్నది, ఎచ్చట గుడ్డ నేత కనబడుచున్నది పరికించుట అత్యావశ్యకము. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములోని పాశ్చాత్య చిత్రవిభాగమున ఇట్టి అవకాశము కలదు. రాజమహేంద్రవరమున, 27 ఏండ్లకే అస్తమించిన దామెర్ల రామారావు చిత్రములను భద్రపరచిన చిత్రశాల కలదు, బొంబాయి జె.జె. కళాశాలలో శిక్షణపొందిన ఆ తెలుగుబిడ్డ చేతిపనిని దగ్గరనుండి చూడగలుగుట గోదావరి తీరవాసుల అదృష్టము.

ప్రతులు వ్రాయుటచే స్వంతచూపు నశించునను శంకకు చరిత్ర ఇచ్చిన సమాధానము మిక్కిలి స్పష్టము. 1793లో పారిస్‌లోని లూవ్ర్ భవనమును ప్రజాచిత్రశాలగా తెరచినప్పుడు, ఆనాటి పదిదినముల వారములో పెక్కు దినములు చిత్రకారులు వచ్చి ప్రతులు వ్రాసికొనుటకే కేటాయించిరి. అచ్చటనే, పందొమ్మిదవ శతాబ్దిలో, వెలాస్కెజ్ చిత్రమని అప్పుడు తలచిన రాకుమార్తె పటము నెదుట పని చేయుచున్న ఫ్రెంచి చిత్రకారుడు దెగాను సాటి చిత్రకారుడు మానె తొలిసారి పలుకరించెనని ప్రతీతి. ఆ ఇరువురికంటె స్వతంత్రులు ఆ శతాబ్దిలో ఎందరు? అమెరికను చిత్రకారుడు సార్జెంట్ 18 ఏండ్ల వయస్సున పారిస్‌లో కరోలస్ దురాన్ చిత్రశాలలో చేరి, గురువు ప్రేరణచే 1879లో మాడ్రిడ్‌నకు పోయి ప్రాడోలో వెలాస్కెజ్ చిత్రములకు ప్రతులు వ్రాసెను. మరుసటి ఏట హాలెండులోని హార్లెమ్ నగరమున ఫ్రాన్స్ హాల్స్ చిత్రములకు వ్రాసెను. 1882లో ఆయన బాయిట్ కుటుంబపు నలుగురు బాలికలను చిత్రించిన పటములో వెలాస్కెజ్ గదులలోని చీకటియు, నిశ్శబ్దమును ఉన్నవి కాని, వెలాస్కెజ్ బొమ్మ ఒక్కటియు లేదు. ప్రతి వ్రాయుటవలన మిగులవలసినది అదియే.

మన రాజా రవివర్మకు ఈ పాటి సదుపాయమును లేకపోయెను. తిరువాన్కూరు ఆస్థానచిత్రకారుడు తైలవర్ణ రహస్యములను ఆయనకు చెప్ప నిరాకరించెను. 1868లో ఆస్థానమునకు వచ్చిన థియొడోర్ జెన్సెన్ అను ఐరోపా చిత్రకారుడు తాను వ్రాయుచుండగా చూచుటకు మాత్రము అనుమతించెను. చూచినదానిని ఇంటికి వచ్చి గుర్తుతెచ్చుకొని, ఐరోపా చిత్రముల ముద్రణలను ముందర పెట్టుకొని, రంగులు చెడగొట్టుకొనుచు, మరల దిద్దుకొనుచు రవివర్మ నేర్చెను. తరువాత ఆయన ముద్రణాలయమున అచ్చైన దేవతామూర్తులు తెలుగు ఇండ్ల గోడలకును ఎక్కినవి. ద్వారములు మూసిన గురువులవలన ఎందరు రవివర్మలు మనకు కాకుండ పోయిరో తలచుకొనినప్పుడెల్ల నా మనస్సు కలతచెందును; నేడు ఆ ద్వారములు తెరచియుండగా లోనికి పోకుండుట మన తప్పిదమే యగును.

ప్రతిని ప్రతిగానే చెప్పుట విద్యార్థి ధర్మము. లూవ్ర్ చిత్రశాలలో ప్రతి వ్రాయుటకు నేటికిని అనుమతిపత్రములు ఇత్తురు. కాని ప్రతి కొలత మూలము కొలతకు సమానముగా ఉండరాదు, మూలకర్త సంతకమును దించరాదు. మ్యూజియములోనే మూలచిత్రముతో సరిచూడ వీలున్నచోట ఆ నియమము అవసరమే. ఇంట అభ్యాసమునకు తలను సమానపు కొలతలో వ్రాసికొనువారు క్యాన్వాసు వెనుక మూలకర్త పేరు, తమ పేరు, తేదీ స్పష్టముగా వ్రాసియుంచవలెను. జీవించియున్న చిత్రకారుల రచనలకును, గతించి 60 ఏండ్లు నిండనివారి రచనలకును మన దేశమున హక్కుల చట్టము వర్తించును గనుక, అట్టివానికి ప్రతులు వ్రాసి విక్రయింపరాదు.

ఒక్క తలకు రెండుమూడు ప్రతులు వ్రాసి, తప్పులను అద్దములో చూచి సరిదిద్దుకొనిన విద్యార్థి, ఆ పటమును గోడవైపు త్రిప్పిపెట్టి, ఇంటిలోని తాతగారినో, పొరుగింటి పెద్దమ్మనో కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, అవే ఐదు రంగులతో, అదే బూడిదగోధుమ పూతగల క్యాన్వాసుపై, అదే వరుసలో మొదలిడవలెను. ప్రతిలో సులభముగా వచ్చిన నుదురు ఇచ్చట చేతికి రాదు. తాతగారు మాటలాడుదురు, తల త్రిప్పుదురు, ఎండ గోడమీదినుండి జారిపోవును. మొదటి కూర్చుండుటలో పెద్ద ఖండములను నిలబెట్టుటకు మించి ఆశింపరాదు. వెలుగు మారక ముందే నీడల హద్దులను గుర్తించుకొని, కుర్చీకాళ్ళు ఉన్నచోట నేలమీద సుద్దతో గీతలు గీసియుంచి, మరునాడు అదే వేళకు అదే చోట కూర్చుండబెట్టవలెను. ముసలివారికి నడుములు నొచ్చును గనుక, అరగంటకొకమారు లేచి నాలుగడుగులు తిరిగిరమ్మని తానే అడుగవలెను.